గ్రాఫీన్ చుక్కల్లో నైట్రోజన్ ఎక్కడ కూర్చుంది? రంగు, వెలుగు, కొంత గందరగోళం

గ్రాఫీన్, అంటే కార్బన్ పరమాణువులు తేనెపట్టులా అల్లుకున్న ఒకే పొర షీటు, మామూలుగా వెలగదు. అతినీలలోహిత దీపం కింద పెట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. అదే గ్రాఫీన్‌ని కొన్ని నానోమీటర్ల ముక్కలుగా (వీటినే డాట్లు, చుక్కలు అంటారు) చేసి నీళ్లలో కలిపి, ఆ సీసా మీద అదే దీపం వేస్తే నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. ఆ ముక్కల్లోకి కాస్త నైట్రోజన్ చేర్చితే మెరుపు ఇంకా పెరగొచ్చు, ఒక్కోసారి రంగే మారిపోవచ్చు. ఈ రంగంలో పేపర్లు చదివేవాళ్లకి "నైట్రోజన్ డోపింగ్ వల్ల కాంతి ఉద్గారం మెరుగైంది" అనే వాక్యం (డోపింగ్ అంటే ఒక పదార్థంలోకి కావాలని కాస్త వేరే మూలకాన్ని చేర్చడం) ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. నా పేచీ ఆ వాక్యంతోనే. అది అబద్ధమని అనడం లేదు, కానీ వేర్వేరు సంగతుల్ని ఒకే గంపలో వేసేస్తుంది. రంగు మారడానికి కారణం వేరు, వెలుగు పెరగడానికి కారణం వేరు, కొన్నిసార్లయితే అసలు వెలిగేది ఆ చుక్కేనా అన్నది కూడా అనుమానమే. నైట్రోజన్ ఎంత శాతం చేరిందో చెప్పి ఊరుకుంటే ఇవేవీ తేలవు. అది ఎక్కడ చేరింది, చేరుతూ చేరుతూ దేన్ని తప్పించింది అని అడిగితేనే ముడి విడుతుంది.

ముందు అసలు గ్రాఫీన్ ఎందుకు వెలగదో చూద్దాం. ఒక పదార్థం కాంతిని వెదజల్లాలంటే పైస్థాయికి ఎక్కిన ఎలక్ట్రాన్ కిందికి దూకేటప్పుడు మధ్యలో ఒక ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ ఎంతో అంత శక్తి ఉన్న ఫోటాన్ బయటికి వస్తుంది. దాన్నే బ్యాండ్ గ్యాప్ అంటాం. గ్రాఫీన్‌లో ఆ గ్యాప్ సున్నా. పైకి ఎక్కిన ఎలక్ట్రాన్ మెట్టు మెట్టుగా జారుకుంటూ పికోసెకన్లలోనే తన శక్తినంతా వేడిగా వదిలేస్తుంది, కాంతిగా మారే తీరిక దానికి దొరకదు. షీటుని చిన్న ముక్కగా కత్తిరిస్తే ఎలక్ట్రాన్ తిరిగే జాగా తగ్గిపోయి శక్తిస్థాయిలు విడివిడిగా అవుతాయి, గ్యాప్ తెరుచుకుంటుంది. మామూలు సెమీకండక్టర్ క్వాంటమ్ డాట్లలో పరిమాణం తగ్గేకొద్దీ గ్యాప్ దాదాపు పరిమాణపు వర్గానికి విలోమంగా పెరుగుతుంది. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు ద్రవ్యరాశి లేనట్టు ప్రవర్తిస్తాయి కాబట్టి అది దాదాపు పరిమాణానికే విలోమంగా ఉంటుంది. లెక్కల ప్రకారం ఆరు కార్బన్ల ఒక్క బెంజీన్ వలయానికి గ్యాప్ సుమారు 7 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇది శక్తికి కొలమానం), ఇరవై వలయాలు అతికితే సుమారు 2. ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుంచుకుంటే చాలు: 1240ని ఎలక్ట్రాన్ వోల్టులతో భాగిస్తే తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వచ్చేస్తుంది. 2 అంటే 620, ఎరుపు. 2.75 అంటే 450, నీలం.

చరిత్రలోకి ఎక్కువ వెళ్లను. మాంచెస్టర్‌లో ఆండ్రే గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫీన్‌ని విడదీసి చూపింది 2004లో, వాళ్లకి నోబెల్ 2010లో వచ్చింది. విచిత్రం ఏంటంటే, అదే 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో కార్బన్ నానోట్యూబుల మసిని శుద్ధి చేస్తుంటే మెరిసే కార్బన్ ముక్కలు వేరుపడి కనిపించాయి. 2006లో క్లెమ్సన్ యూనివర్సిటీ బృందం వాటికి కార్బన్ డాట్స్ అని పేరు పెట్టింది. గ్రాఫీన్ పొరనే కత్తిరించి చేసిన డాట్లు 2010 నాటికి వచ్చాయి, వాటిలోకి నైట్రోజన్ చేర్చినవి 2012 నాటికి. గుండ్రటి కార్బన్ డాట్, పలచటి గ్రాఫీన్ డాట్ రెండూ ఒకటి కావు గానీ, నైట్రోజన్ దగ్గరికి వచ్చేసరికి రెండింటి కథా చాలావరకు కలిసే నడుస్తుంది, గందరగోళం కూడా కలిసే ఉంటుంది.

ఇప్పుడు ఒక్క చుక్కని దగ్గరగా పట్టుకుని చూడండి. 3 నానోమీటర్ల వ్యాసం, ఒకే పొర మందం అనుకుందాం. గ్రాఫీన్‌లో చదరపు నానోమీటరుకి సుమారు 38 కార్బన్ పరమాణువులు ఉంటాయి, ఆ లెక్కన ఈ చుక్కలో మొత్తం దాదాపు 270. వాటిలో అంచు మీద ఉన్నవి నలభై దాకా తేలతాయి, అంటే ప్రతి ఏడింటిలో ఒకటి అంచునే ఉంది. ఇందులో అయిదు శాతం నైట్రోజన్ ఉందంటే పద్నాలుగు పరమాణువులు. అంతే, పద్నాలుగు. ఆ పద్నాలుగూ మధ్యలో కూర్చున్నాయా, అంచున కూర్చున్నాయా, షీటు బయట వేలాడుతున్నాయా అన్నదాన్ని బట్టి ఒకే "అయిదు శాతం" పూర్తిగా వేర్వేరు చుక్కలవుతుంది. పైగా ఒక సీసాలో ఇలాంటి చుక్కలు కోటానుకోట్లు, ఏ రెండింటిలోనూ అమరిక ఒకేలా ఉండదు. మనం కొలిచే వర్ణపటం ఆ గుంపంతటి సగటు. ఇది మనసులో పెట్టుకోకపోతే తర్వాత వచ్చేదంతా చేతబడిలా అనిపిస్తుంది.

ఇంకో సంగతి, నిజమైన చుక్క పుస్తకంలో బొమ్మలా శుభ్రంగా ఉండదు. దాని అంచుల నిండా కార్బాక్సిల్, హైడ్రాక్సిల్, కార్బొనిల్, ఎపాక్సైడ్ లాంటి ఆక్సిజన్ గుంపులు అతుక్కుని ఉంటాయి, నీళ్లలో కరిగేది కూడా వాటివల్లే. కాబట్టి వెలుగుకి కనీసం రెండు పుట్టుకలు ఉన్నాయి. ఒకటి లోపలి కార్బన్ వలయాల మధ్య పై-ఎలక్ట్రాన్ల (గ్రీకు అక్షరం π, అంటే వలయాలన్నీ కలిసి పంచుకునే ఎలక్ట్రాన్లు; వాటి గుంపే పై-వ్యవస్థ) దూకుడు నుంచి వచ్చేది, దీన్ని కోర్ స్థితి అంటారు, ఇది పరిమాణాన్ని బట్టి మారుతుంది. రెండోది అంచులూ లోపాలూ ఆ గుంపులూ కలిసి తయారు చేసే ఉపరితల స్థితుల నుంచి వచ్చేది. నైట్రోజన్ ఈ రెండింటిలోనూ వేలు పెట్టగలదు, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

నైట్రోజన్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, అది ఆవర్తన పట్టికలో కార్బన్‌కి పక్కింట్లోనే ఉంది. పరిమాణం ఇంచుమించు అంతే కాబట్టి తేనెపట్టు లాంటి ఆ వలలో పెద్దగా కుదుపు లేకుండా ఇమిడిపోతుంది. కార్బన్ కంటే ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. ఎలక్ట్రాన్లని తన వైపు లాక్కునే గుణం కూడా ఎక్కువే: పౌలింగ్ కొలమానం మీద కార్బన్ 2.55, నైట్రోజన్ 3.04. అంటే నైట్రోజన్ ఒక చేత్తో ఎలక్ట్రాన్ ఇవ్వగలదు, ఇంకో చేత్తో లాగగలదు. ఏ చెయ్యి పైచేయి అవుతుందో అది కూర్చున్న చోటు తేలుస్తుంది.

షీటు మధ్యలో ఒక కార్బన్‌ని లేపి దాని స్థానంలో నేరుగా కూర్చుంటే దాన్ని గ్రాఫిటిక్ నైట్రోజన్ అంటారు. మూడు పక్కలా కార్బన్లతో మూడు బంధాలు కట్టాక కార్బన్ దగ్గర పై-వ్యవస్థకి ఇవ్వడానికి ఒక్క ఎలక్ట్రాన్ మిగులుతుంది, నైట్రోజన్ దగ్గర రెండు మిగులుతాయి. ఆ అదనపు ఎలక్ట్రాన్ మొత్తం షీటులోకి వచ్చి చేరుతుంది, దానికి చోటు కావాలి కాబట్టి అంతకుముందు ఖాళీగా ఉన్న గ్యాప్ లోపల కొత్త శక్తిస్థాయి పుడుతుంది. గ్యాప్ తగ్గినట్టే, ఉద్గారం ఎరుపు వైపు జరుగుతుంది. 2017లో చెక్ రిపబ్లిక్‌లోని ఒలోమౌట్స్ కేంద్రంగా పనిచేసే బృందం కార్బన్ డాట్లలో ఎరుపు కాంతికి గ్రాఫిటిక్ నైట్రోజనే కీలకమని ప్రయోగాలతోనూ లెక్కలతోనూ వాదించింది. నాకు ఈ విషయంలో బాగా నచ్చేది ఏంటంటే, ఇక్కడ చుక్కని పెద్దది చేయకుండానే రంగు ఎరుపుకి వెళ్తుంది. పరిమాణం ఒక్కటే రంగుని నిర్ణయిస్తుందన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

అంచు మీద ఆరు మూలల వలయంలో రెండు కార్బన్ల మధ్య కూర్చుంటే అది పిరిడినిక్ నైట్రోజన్. ఇక్కడ అది పై-వ్యవస్థకి ఇచ్చేది ఒక్క ఎలక్ట్రానే, సరిగ్గా కార్బన్ ఇచ్చేంత. మిగిలిన ఎలక్ట్రాన్ జత షీటు తలంలోనే బయటికి తిరిగి ఉంటుంది, పై-వ్యవస్థతో దానికి పొత్తు లేదు. కాబట్టి ఇవ్వడం తక్కువ, లాగడం ఎక్కువ. నిండిన స్థాయిల్లో పైది, ఖాళీ స్థాయిల్లో కిందిది, అంటే హోమో, లూమో రెండూ కాస్త కిందికి దిగుతాయి, కానీ కలిసి దిగుతాయి కాబట్టి గ్యాప్ పెద్దగా మారదు. రంగులో మార్పు కొద్దిగానే, చాలా సందర్భాల్లో నీలం వైపే. అయితే ఆ బయటికి తిరిగిన జత ఊరికే ఉండదు, ప్రోటాన్ కనిపిస్తే పట్టేసుకుంటుంది, లోహ అయాన్ కనిపిస్తే దాన్నీ పట్టేసుకుంటుంది. సెన్సార్ల కథంతా దాని మీదే నడుస్తుంది, కాసేపట్లో చెబుతా.

అయిదు మూలల వలయంలో కూర్చునేది పిరోలిక్. రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అయిదు మూలల వలయం వల్ల షీటు చదును కాస్త చెడుతుంది. దీని ప్రభావం గురించి లెక్కలు ఒక్కో నిర్మాణానికి ఒక్కోలా చెబుతాయి, గట్టిగా ఒక దిశ చెప్పడం కష్టం.

వీటన్నిటికీ బయట నాలుగోది ఉంది, చాలా పేపర్లు దాన్ని కూడా డోపింగ్ అనే పిలిచేస్తాయి: అమీన్ గుంపు, అంటే హైడ్రోజన్లు అతికిన నైట్రోజన్. ఇది వలలోకి రాదు, అంచుకి వేలాడుతుంది. దాని ఎలక్ట్రాన్ జత వలయాల్లోకి ఒరిగి హోమోని పైకి నెడుతుంది, లూమో మీద అంత ప్రభావం ఉండదు, కాబట్టి గ్యాప్ తగ్గి ఉద్గారం ఎరుపు వైపు జరుగుతుంది. ద్రావణాన్ని ఆమ్లం చేస్తే ఆ జతకి ప్రోటాన్ తగులుకుంటుంది, ఇవ్వడానికి ఇక ఏమీ మిగలదు, ప్రభావం దాదాపు మాయమవుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒక ల్యాబులో అంచు మీద పిరిడినిక్ ఎక్కువ వచ్చే పద్ధతి వాడారు, "నైట్రోజన్ వల్ల నీలం వైపు జరిగింది" అని రాశారు. ఇంకో ల్యాబులో గ్రాఫిటిక్, అమీన్ ఎక్కువ వచ్చే పద్ధతి వాడారు, "నైట్రోజన్ వల్ల ఎరుపు వైపు జరిగింది" అని రాశారు. ఇద్దరూ నిజమే చెప్పారు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన విద్యార్థి రెండు పేపర్లనీ పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకుంటాడు, తప్పు తన అవగాహనలో ఉందేమోనని అనవసరంగా టెన్షన్ పడతాడు. తప్పు ఆ పదంలో ఉంది, నాలుగు రకాల రసాయనాన్ని ఒకే "నైట్రోజన్ డోపింగ్" కింద కట్టేయడంలో ఉంది.

రంగు సంగతి అలా ఉంచి వెలుగు దగ్గరికి వద్దాం. వెలుగుని కొలిచేది క్వాంటమ్ ఈల్డ్‌తో, అంటే మింగిన ప్రతి వంద ఫోటాన్లకి ఎన్ని తిరిగి బయటికి వచ్చాయి అని. పైకి ఎక్కిన ఎలక్ట్రాన్‌కి దిగడానికి రెండు దారులు ఉన్నాయి: కాంతిగా దిగడం, కాంతి లేకుండా వేడిగా దిగడం. ఈల్డ్ పెరిగిందంటే మొదటి దారి వేగం పెరిగి ఉండాలి, లేదా రెండో దారి మూసుకుపోయి ఉండాలి. కారే కుండలో నీళ్లు నిలవాలంటే ఇంకా పోయడం ఒక పద్ధతి, చిల్లి పూడ్చడం ఇంకో పద్ధతి. నైట్రోజన్ ఎక్కువగా చేసేది ఈ రెండో పని అని నా అభిప్రాయం, దాన్ని లెక్క వేసి చూసుకోవచ్చు కూడా.

ఊహించిన అంకెలతోనే చూద్దాం. నైట్రోజన్ లేని చుక్కలకి ఈల్డ్ 20 శాతం, ఉత్తేజిత స్థితి ఆయుష్షు 4 నానోసెకన్లు అనుకోండి. నైట్రోజన్ చేర్చాక ఈల్డ్ 60 శాతం, ఆయుష్షు 10 నానోసెకన్లు అయ్యాయనుకోండి. కాంతి దారి వేగం కావాలంటే ఈల్డ్‌ని ఆయుష్షుతో భాగించాలి. మొదటిదాంట్లో 0.2ని 4 నానోసెకన్లతో భాగిస్తే సెకనుకి 5 కోట్లు, రెండోదాంట్లో 0.6ని 10తో భాగిస్తే 6 కోట్లు. పెద్ద తేడా లేదు. ఇక వేడి దారి చూడండి: మొదటిదాంట్లో 0.8ని 4తో భాగిస్తే 20 కోట్లు, రెండోదాంట్లో 0.4ని 10తో భాగిస్తే 4 కోట్లు. అయిదో వంతుకి పడిపోయింది. పైకి "వెలుగు మూడింతలైంది" అని కనిపించినా, నిజంగా జరిగింది చిల్లి పూడటమే. ఈ భాగహారానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, కావలసిన రెండు అంకెలూ చాలా పేపర్లలో ఉంటాయి. అయినా ఈ లెక్క వేసి చూపకుండా వదిలేసిన పేపరు కనిపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ చిల్లులు ఎక్కడివంటే, చాలావరకు ఆ ఆక్సిజన్ గుంపులే. ఎపాక్సైడ్, కార్బాక్సిల్, కార్బొనిల్ లాంటివి ఎలక్ట్రాన్‌నో దాని జతగా మిగిలిన ఖాళీనో పట్టి బంధించేస్తాయి, అక్కడ ఇరుక్కున్న శక్తి వేడిగా కరిగిపోతుంది. అమ్మోనియా గానీ అమీన్ గానీ వేసి వేడి చేసినప్పుడు ఎపాక్సైడ్ వలయం తెరుచుకుంటుంది, కార్బాక్సిల్ కాస్తా అమైడ్‌గా మారుతుంది. అంటే నైట్రోజన్ రావడం ఒక్కటే కాదు, ఆక్సిజన్ ఉచ్చు పోవడం కూడా జరిగింది. వెలుగు పెరిగిన ఘనత వచ్చినవాడిదా, పోయినవాడిదా? దీన్ని తేల్చడానికి ఒక మంచి పరీక్ష ఉంది: నైట్రోజన్ ఏమీ చేర్చకుండా సోడియం బోరోహైడ్రైడ్‌తో కార్బొనిల్ గుంపుల్ని తగ్గించి చూడాలి. అలా చేసినా చుక్కలు బాగా వెలిగాయంటే, మెరుగుదలలో పెద్ద వాటా ఆక్సిజన్‌ని సరిచేయడానిదే. ఈ నియంత్రణ ప్రయోగం లేని పేపర్లో "డోపింగ్ ప్రభావం" అన్న మాటని నేను కాస్త ఆచితూచి చదువుతాను.

నైట్రోజన్ పెంచుకుంటూ పోతే వెలుగు కూడా పెరుగుతూనే ఉంటుందా అంటే, ఉండదు. ఒక హద్దు దాటాక నైట్రోజనే లోపాల్ని తెస్తుంది, వల చెదురుతుంది, కొత్త ఉచ్చులు తయారవుతాయి, ఈల్డ్ మళ్లీ పడుతుంది. ఎరుపు వైపు వెళ్లినప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది. గ్యాప్ చిన్నదయ్యేకొద్దీ ఆ శక్తిని కంపనాలు మింగేయడం సులువవుతుంది. నీటిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధపు కంపనం ఒక్కోటి సుమారు 0.42 ఎలక్ట్రాన్ వోల్టులు మోయగలదు. 450 నానోమీటర్ల నీలానికి అలాంటివి ఆరేడు కావాలి, 620 ఎరుపుకి అయిదు చాలు. చూడటానికి ఒకటి రెండు మెట్ల తేడానే, కానీ మెట్టు తగ్గేకొద్దీ ఆ దారి వేగం చాలా రెట్లు పెరుగుతుంది. నీటిలో బాగా వెలిగే ఎరుపు చుక్కలు చేయడం అంత కష్టం కావడానికి ఇదొక కారణం. అవే చుక్కలు ఆల్కహాల్ లాంటి ద్రావకంలో వెలిగి, నీళ్లు కలపగానే మసకబారడం చాలా పదార్థాల్లో చూస్తాం.

ఈ చుక్కలకి ఒక వింత గుణం అంటగట్టి చెబుతుంటారు: ఉత్తేజపరిచే కాంతి రంగు మారిస్తే బయటికి వచ్చే కాంతి రంగు కూడా మారుతుంది. మామూలు రంజక అణువుల్లో ఇలా జరగదు, ఏ కాంతితో లేపినా కింది ఉత్తేజిత స్థాయికి జారి అక్కడి నుంచే వెలుగుతాయి, కాషా నియమం చెప్పేది అదే. మరి చుక్కలు ఆ నియమాన్ని ధిక్కరిస్తున్నాయా అంటే అక్కర్లేదు. సీసాలో రకరకాల చుక్కలు, రకరకాల ఉపరితల స్థితులు ఉన్నాయి, ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో గుంపుని లేపుతుంది. చుట్టూ ఉన్న ద్రావక అణువులు నెమ్మదిగా సర్దుకోవడం కూడా ఇందులో పాత్ర వహించవచ్చు. నైట్రోజన్‌తో ఉపరితలం బాగా కప్పబడిన నమూనాల్లో ఈ మార్పు తగ్గిపోయి, ఏ కాంతితో లేపినా ఒకే రంగు వస్తుంది. దాన్ని ఉపరితల స్థితులు ఒకే రకంగా మారాయనడానికి గుర్తుగా చెబుతారు. సబబైన వివరణే. కానీ ఇదే గుర్తుకి ఇంకో అర్థం కూడా ఉంది, అది వింటే చాలామందికి గుండె కాస్త జారుతుంది.

ఏ కాంతితో లేపినా ఒకే రంగు, చక్కటి పదునైన శిఖరం, ఎక్కువ ఈల్డ్. ఇవన్నీ ఒక మామూలు రంజక అణువు లక్షణాలు కూడా. 2013లో చైనాలోని జిలిన్ యూనివర్సిటీ బృందం సిట్రిక్ ఆమ్లాన్నీ ఎథిలీన్‌డైఅమీన్‌నీ నీళ్లలో కలిపి ఆటోక్లేవ్‌లో (మూత బిగించిన ప్రెషర్ పాత్రలో) వేడి చేసి, 80 శాతం దాకా ఈల్డ్ ఉన్న నైట్రోజన్ కార్బన్ డాట్లు వచ్చాయని ప్రకటించింది. ఆ వంటకం ప్రపంచమంతా పాకింది, చవక, సులువు, నీలం వెలుగు కళ్లు జిగేల్‌మనేలా వస్తుంది. 2015లో అదే యూనివర్సిటీ నుంచి వచ్చిన పని, ఆ మిశ్రమంలో ఒక చిన్న ఆర్గానిక్ అణువు పుడుతోందనీ, ఆ నీలం వెలుగులో పెద్ద వాటా దానిదేననీ చూపింది. ఇమిడజోపిరిడిన్ కుటుంబానికి చెందిన ఆ అణువుని పొడి అక్షరాల్లో ఐపీసీఏ అంటారు. దాన్ని బయటపెట్టింది కూడా ఆ పనికి దగ్గరగా ఉన్నవాళ్లే కావడం నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది, తమ పద్ధతికి వచ్చిన పేరుని కాపాడుకోవడం కంటే నిజం తేల్చడమే ముఖ్యమనుకున్నారు. సిట్రిక్ ఆమ్లంతో యూరియా గానీ అమ్మోనియా గానీ వాడితే సిట్రజినిక్ ఆమ్లం లాంటివి వస్తాయి. అది 19వ శతాబ్దం నుంచీ రసాయన శాస్త్రవేత్తలకి తెలిసిన పదార్థమే, అదీ నీలంగానే మెరుస్తుంది.

అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో 0.21 నానోమీటర్ల గీతలతో అందమైన చుక్క కనిపించినా, వెలుగు ఆ చుక్క నుంచే వస్తోందని దానితో రుజువు కాదు. మైక్రోస్కోప్ చూపేది సీసాలో ఏవో చుక్కలు ఉన్నాయని. ఫ్లోరోమీటర్ చూపేది సీసాలో ఏదో వెలుగుతోందని. ఆ రెండు "ఏదో"లూ ఒకటేనని చూపడం వేరే పని. చిన్న అణువుల్ని మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి బయటి నీళ్లు మారుస్తూ పోయినప్పుడు వెలుగంతా బయటి నీళ్లలోకి వెళ్లిపోయి, సంచిలో మిగిలింది మసకగా ఉంటే సమాధానం దొరికినట్టే. చాలాచోట్ల ఒక రోజు డయాలిసిస్ చేసి ఆపేస్తారు, అది సరిపోకపోవచ్చు. క్రోమటోగ్రఫీతో విడదీసి ఒక్కో భాగం వెలుగుని విడిగా చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. ఇంకో ముచ్చటైన పరీక్ష ఉంది: వెలిగేది ఎంత వేగంగా గిరగిర తిరుగుతోందో ధ్రువిత కాంతితో కొలవడం. నీళ్లలో చిన్న అణువు దాదాపు 0.1 నానోసెకన్‌లో తిరిగిపోతుంది, 3 నానోమీటర్ల గోళానికి మూడు నాలుగు నానోసెకన్లు పడుతుంది. కొలతలో వేగపు అంకె వస్తే వెలిగేది విడి అణువన్నా అయ్యుండాలి, చుక్కకి వదులుగా వేలాడుతున్న అణువన్నా అయ్యుండాలి. రెండూ గట్టి గ్రాఫీన్ చుక్కలో కూర్చున్న నైట్రోజన్ కథకి సరిపోవు.

ఇలా చెబితే "అయితే అంతా మోసమేనా" అనే ప్రశ్న వస్తుంది. అస్సలు కాదు. గ్రాఫీన్ ఆక్సైడ్‌ని గానీ గ్రాఫైట్‌ని గానీ కత్తిరించి చేసిన చుక్కల్లో, సరిగా శుద్ధి చేసిన నమూనాల్లో, నైట్రోజన్ ప్రభావం నిజంగానే కనిపిస్తుంది. చిన్న అణువుల్ని కలిపి వండే పద్ధతుల్లో మాత్రం ముందు ఈ అనుమానం తీర్చుకున్నాకే మిగతాది మాట్లాడాలి.

కొలతల దగ్గర కూడా జారే చోట్లు ఉన్నాయి. నైట్రోజన్ ఏ రకమో తేల్చడానికి అందరూ ఆధారపడేది ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ, అంటే ఎక్స్-కిరణాలతో లోపలి ఎలక్ట్రాన్లని బయటికి తోసి, అవి ఎంత గట్టిగా బంధించి ఉన్నాయో కొలవడం. పిరిడినిక్ సుమారు 398.5 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అమీన్ 399.5 చుట్టుపక్కల, పిరోలిక్ 400 దాటాక, గ్రాఫిటిక్ 401 దగ్గర కనిపిస్తాయి. ఒక్కో శిఖరం వెడల్పే ఒక ఎలక్ట్రాన్ వోల్టు పైన ఉంటుంది, కాబట్టి కంటికి కనిపించేది ఒకే గుబ్బ, దాన్ని మనమే నాలుగుగా విడగొడతాం. అమీన్, అమైడ్, పిరోలిక్ దాదాపు ఒకదానిమీద ఒకటి పడతాయి. "పిరోలిక్ 52.3 శాతం" అని దశాంశంతో సహా రాసి ఉంటే ఆ దశాంశాన్ని మరీ సీరియస్‌గా తీసుకోవద్దు. ఈల్డ్ కొలతలో సాధారణంగా ప్రమాణం క్వినైన్ సల్ఫేట్, 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో దాని ఈల్డ్ 54 శాతమని తీసుకుంటారు. నమూనా పలచగా, శోషణ 0.1 లోపు ఉండాలి. చిక్కటి ద్రావణంలో చుక్కలు తమ వెలుగుని తామే మింగేస్తాయి, నీలం వైపు భాగం ఎక్కువగా పోతుంది, రంగు ఎరుపు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. అది నైట్రోజన్ చేసిన పని కాదు, చిక్కదనం చేసిన పని.

సెన్సార్ల గురించి చెబుతానన్నాను. పిరిడినిక్ నైట్రోజన్ బయటికి తిరిగిన జత ప్రోటాన్‌ని పట్టుకుంటుంది కాబట్టి పీహెచ్ మారితే వెలుగు మారుతుంది. పిరిడిన్ అణువుకి ఆ మలుపు పీహెచ్ 5.2 దగ్గర వస్తుంది, చుక్కలో అయితే చుట్టూ ఉన్న గుంపుల్ని బట్టి అటూ ఇటూ జరుగుతుంది. ఫెర్రిక్ అయాన్లు కలిపితే వెలుగు పడిపోతుందనీ, దానితో నీటిలో ఇనుముని పసిగట్టొచ్చనీ చెప్పే పేపర్లకి లెక్కే లేదు. అయాన్ వచ్చి నైట్రోజన్‌కి అతుక్కుని, ఎలక్ట్రాన్‌ని లాగేసి వెలుగుని ఆర్పేయడం సాధ్యమే. కానీ ఫెర్రిక్ అయాన్ స్వయంగా 300 నుంచి 380 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని మింగుతుంది, మనం చుక్కని లేపడానికి వేసే కాంతి కూడా తరచూ అదే ప్రాంతంలో ఉంటుంది. అలాంటప్పుడు అయాన్ చుక్కని తాకనక్కర్లేదు, దారిలోనే కాంతిని తినేస్తే చాలు, వెలుగు తగ్గుతుంది. ఆయుష్షు కొలిచి చూడాలి: అయాన్ వచ్చి ఢీకొని ఆర్పేస్తుంటే ఆయుష్షు తగ్గుతుంది, దారిలో మింగడం మాత్రమే అయితే ఆయుష్షు కదలదు. ఆయుష్షు మారలేదంటే అయాన్ ముందే గట్టిగా అతుక్కుని ఉండొచ్చు కూడా, కాబట్టి శోషణ సవరణ చేశాకే తీర్పు చెప్పాలి.

నైట్రోజన్ కచ్చితంగా ఎక్కడ ఉందో తెలిస్తే ఏం జరుగుతుందన్నదానికి జవాబు పక్క దారిలో దొరుకుతోంది. చుక్కల గుంపుని వండి, తర్వాత లోపల ఏముందో ఊహించే బదులు, రసాయన శాస్త్రవేత్తలు ఒక్కో బంధాన్నీ కడుతూ కొన్ని వలయాల చిన్న గ్రాఫీన్ ముక్కల్ని అణువు అణువుగా తయారు చేస్తున్నారు. 2016లో జపాన్‌లో టకుజి హటకెయమ బృందం చేసిన డాబ్నా అనే అణువులు ఈ దారిలో పెద్ద మలుపు. వాటిలో బోరాన్, నైట్రోజన్ ఒకే వలయంలో ఎదురెదురుగా కూర్చుంటాయి. నైట్రోజన్ ఎలక్ట్రాన్లని వలయంలోకి తోస్తుంది, బోరాన్ లాగుతుంది, దానివల్ల హోమో కొన్ని కార్బన్ల మీదా లూమో వాటి పక్క కార్బన్ల మీదా విడివిడిగా స్థిరపడతాయి. దూకేటప్పుడు బంధాల కుదుపు చాలా తక్కువ, కాబట్టి వెలుగు శిఖరం సన్నగా వస్తుంది. ఆ అణువుల్లో ఒకదానితో చేసిన ఎల్‌ఈడీ 467 నానోమీటర్ల దగ్గర నీలంగా వెలిగింది, శిఖరం సగం ఎత్తు దగ్గర వెడల్పు 28 నానోమీటర్లు. మామూలు నైట్రోజన్ కార్బన్ డాట్లలో ఆ వెడల్పు తరచూ 70, 80 దాకా ఉంటుంది. అక్కడ కూడా ఉన్నది అదే నైట్రోజన్, అదే ఆరు మూలల వలయాలు. కాకపోతే ప్రతి నైట్రోజన్ ఏ కార్బన్ పక్కన ఉందో కట్టినవాళ్లకి ముందే తెలుసు, సీసాలోని అణువులన్నీ ఒక్కలాగే ఉన్నాయి.